తిథిని బట్టి తుఫాను వస్తుందా?

మంగళగిరిలో ముసురు పట్టిందంటే గుంటమగ్గాల్లో నీరు ఊరుతుంది, నేత ఆగిపోతుంది. "అమావాస్య దాటనివ్వండి, తగ్గుతుంది" అంటారు పెద్దలు. తుఫాను కబురొచ్చినా ముందు తిథే చూస్తారు. మేమూ అది నమ్మి పెరిగినవాళ్ళమే. ఇప్పుడు ఒప్పుకోలేకపోతున్నాం.

దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. ఆ నెల అమావాస్య నవంబర్ 11. అంటే అమావాస్య వెళ్ళి ఎనిమిది రోజులైంది, పౌర్ణమికి ఇంకా ఆరు రోజులుంది. సుమారు పదివేల మంది పోయిన ఆ రోజు ఆకాశంలో ఉన్నది సగం చంద్రుడే.

1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన పెనుతుఫాను పౌర్ణమి నాడే వచ్చింది, నిజమే. కానీ హెచ్చరిక ముందే అందింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు. మృతులు వెయ్యి లోపే.

చంద్రుడికి బొత్తిగా సంబంధం లేదనడం లేదు. అమావాస్యకు, పౌర్ణమికి సముద్రపు పోటు ఎక్కువ. ఉప్పెన ఆ వేళకే వస్తే నీరు ఇంకా ఎత్తుకు లేస్తుంది. అంతవరకే.

మిగతాదంతా వాతావరణ పటంలో ఉంటుంది. సమభార రేఖలు దగ్గరగా ఉంటే గాలి జోరు ఎక్కువ. (రెండు మార్కుల కోసం బట్టీ పట్టి మరిచిపోయాం!) బంగాళాఖాతంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకే 1977లో కేంద్రం చీరాల దగ్గర తీరం దాటినా, దానికి కుడివైపునున్న దివిసీమ మీదికి గాలి సముద్రాన్ని తోసింది. "చీరాలకు కదా, మనకేం" అనుకోవడానికి లేదు.

తుఫాను రోజుల్లో ఆ పటాన్ని మన హాస్టల్ నోటీసు బోర్డు మీద, మెస్ మెనూ పక్కనే అంటించాలని వార్డెన్ గారిని కోరుతున్నాం. తమ్ముళ్ళూ, అది చూసి ఇంటికి ఫోన్ చేయండి.