బదిలీ పెట్టెలో ఏ లాప్‌టాప్?

బదిలీ ఉత్తర్వు రాగానే సామాను కట్టుకునే మాలాంటి వాళ్లు లాప్‌టాప్ కొనేముందు అడగాల్సింది 'ఏది గొప్పది?' అని కాదు, 'ఏ ఊళ్లో బాగుచేస్తారు?' అని.

యాపిల్ మాక్‌బుక్ ఎయిర్‌నూ లెనోవో థింక్‌ప్యాడ్‌నూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది తేలిక. 2020 చివర్లో ఎం1 చిప్‌తో వచ్చినప్పటి నుంచి దానికి ఫ్యాన్ లేదు, చప్పుడూ లేదు. కానీ కొన్నాక ర్యామ్ పెంచలేం. థింక్‌ప్యాడ్‌లో కొన్ని మోడళ్లకు పెంచుకోవచ్చు, అన్నింటికీ కాదు. సీబీఎస్‌ఈ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్సులో చెప్పే పైథాన్ రెండింటిలోనూ నడుస్తుంది. తెలుగూ రెండింటిలోనూ టైపు చేయవచ్చు.

అసలు తేడా తెలిసేది చెడిపోయినప్పుడే. నగరంలో ఏదైనా బాగవుతుంది. సరిహద్దు పట్టణానికో కొండ ఊరికో బదిలీ అయితే సర్వీస్ సెంటర్‌కు వెళ్లిరావడానికే సెలవు పెట్టాలి. అందుకే ఇంటికొచ్చి మరమ్మతు చేసే వారంటీ ఉందా, అది మన పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా అని అడిగాకే డబ్బు కట్టాలి. అలాంటి వారంటీతో దొరికితే మా ఓటు థింక్‌ప్యాడ్‌కే.

పిల్లలూ! మీ ఇంట్లో లాప్‌టాప్ మాట వస్తే ఈ రెండు ప్రశ్నలూ మీరే వేయండి. అమ్మానాన్నలు నెలల తరబడి కూడబెట్టిన డబ్బు మరి అది.