నేర్చుకున్నందుకు శిక్షా?

దివ్యాంగ పెన్షన్ల పునఃపరిశీలనలో 40 శాతం లోపు వైకల్యం తేలినవారికి నోటీసులు పంపిన రాష్ట్ర ప్రభుత్వం, అర్హుల్లో ఏ ఒక్కరికీ అన్యాయం జరగదని అభయమిస్తోంది. పద్దెనిమిదేళ్లు నిండబోతున్న ఆటిజం బిడ్డతో వైకల్య శాతం తేల్చే సదరం శిబిరం ముందు నిలబడ్డ కోనసీమ తల్లికి ఈ అభయం ఎగతాళిలా వినిపిస్తుంది.

దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి, ఏరేయాల్సిందే. 2024 జులైలో పెన్షన్‌ను మూడు వేల నుంచి ఆరు వేలకు పెంచింది ఈ ప్రభుత్వమే. అప్పీలు చేసుకున్నవారికి ఆపబోమని కూడా అంటోంది. మా అభ్యంతరం వీటిపై కాదు. అర్హత అంటే శాతమేనన్న వాదనలోనే అసలు మోసం ఉంది.

ఆటిజం తీవ్రతను కొలిచే 'ఇసా' పరీక్షలో అంశాలు 40. ఎదుటివారి కళ్లలోకి చూస్తాడా, తన వంతు వచ్చేదాకా ఆగుతాడా, ప్రమాదాన్ని గుర్తిస్తాడా అని చూస్తారు. ఇబ్బంది ఎంత తరచుగా కనిపిస్తే అంత ఎక్కువ, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. మొత్తం 70 కన్నా తగ్గితే ఆటిజం లేనట్టే లెక్క. మరి అదే ప్రభుత్వం ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిపే భవిత కేంద్రాల్లో జరిగేదేమిటి? పేరు పిలిస్తే పలకడం, వరుసలో నిలబడటం, బండి వస్తుంటే పక్కకు తప్పుకోవడం ప్రత్యేక ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి ఓపికగా నేర్పుతారు. బిడ్డ ఒక్కొక్కటీ నేర్చుకుంటున్నకొద్దీ పరీక్షలో మార్కులు తగ్గుతాయి. మార్కులతో పాటు శాతం, శాతంతో పాటు పెన్షన్. భవితలో టీచరు నేర్పిన ఫలితం సదరం శిబిరంలో బిడ్డ మీదే నేరంగా నమోదవుతోంది! కొడుకు మాట నేర్చాడని మురిసిపోవాల్సిన తల్లి, డాక్టరు ముందు మాత్రం వాడు నోరు విప్పకూడదని దేవుడికి మొక్కుకోవాలా?

శాతం తగ్గినవాడు సొంతంగా బతకగలడన్నదే సర్కారు నమ్మకమైతే, బతికే దారి ఎక్కడుందో చూపించాలి. 18 నిండితే భవిత గడప దాటాల్సిందే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చిన ఉచిత విద్యా హక్కు కూడా ఆ వయసుతోనే ముగుస్తుంది. ఆటిజం, మేధో వైకల్యం తదితరాలకు కలిపి 34వ సెక్షన్ సర్కారు కొలువుల్లో ఒక శాతం కేటాయించింది కదా అంటారేమో. దానికీ ఆ 40 శాతం సర్టిఫికెట్టే కావాలి. అంటే గీతకు కాస్త కింద నిలిచిన కుర్రాడికి పెన్షనూ లేదు, కోటా కొలువూ లేదు. వైకల్యం లేదంటే ఏ యజమానీ నమ్మడు, ఉందంటే సర్కారు ఒప్పుకోదు. ఇది అన్యాయం కాకపోతే మరేమిటి?

పనులకు కోనసీమలో కొరత లేదు. అంబాజీపేటలో కొబ్బరికాయలను సైజువారీగా ఏరి, లెక్కపెట్టి రాశి పోయాలి. రావులపాలెం మార్కెట్‌లో అరటి గెలలు రకాలవారీగా వేరు చేయాలి. రోజూ ఒకే వరుసలో సాగే ఇలాంటి పనిని ఆటిజం ఉన్న యువకుల్లో కొందరు ఒక్క కాయ లెక్క తప్పకుండా చేయగలరు. కానీ అది 18వ పుట్టినరోజు మర్నాడు వచ్చే విద్య కాదు. అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి విద్యార్థికి 16 ఏళ్లు వచ్చేసరికే బడి తర్వాతి జీవితానికి ప్రణాళిక రాసి ఉండాలి. మన చట్టంలోనూ వృత్తి శిక్షణకు 19వ సెక్షన్ ఉంది. ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు.

కాబట్టి ఆటిజం ఉన్నవారికి ఇచ్చిన నోటీసులను తక్షణం ఉపసంహరించాలి. భవిత కేంద్రాల్లో 14వ ఏటి నుంచే ప్రతి బిడ్డకూ పని శిక్షణ ప్రణాళిక ఉండాలి. 18 దాటిన బిడ్డకు చట్టబద్ధ సంరక్షకులను నియమించే నేషనల్ ట్రస్ట్ స్థానిక కమిటీకి అధ్యక్షుడు కలెక్టరే. ఆ కమిటీ అమలాపురంలోనే కాక రాజోలు, కొత్తపేటల్లోనూ గడువు ప్రకారం కూర్చోవాలి. కుర్రాడికి జీతం వచ్చే పని చూపించాకే పెన్షన్ సంగతి మాట్లాడండి. అంతవరకు ఆ ఆరు వేల మీద చేయి వేసే నైతిక హక్కు ప్రభుత్వానికి లేదు.