సగము వేడికేనా?

ఘటము యొక్క అంతర్నిరోధమును, బాహ్యనిరోధమును సమానములైనపుడు బాహ్యవలయమునకు గరిష్ఠశక్తి లభించునని భౌతికశాస్త్ర పాఠము. సత్యమే. కాని మన విద్యార్థులు దీనిని కంఠస్థముచేసి, రేడియో ప్రసారయంత్రమందలి వాల్వునకును ఇదియే నియమమని తలంచుచున్నారు. అది తగదని మా యభిప్రాయము.

నిరోధములు సమానమైనచోట సగము శక్తి ఘటములోనే వేడియై పోవును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రజలు వినుటకు కడపలో ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసెను. అట్టి కేంద్రమొకటి 100 కిలోవాట్లు ఏరియలునకు పంపవలెనన్న, సగము నష్టమైనచో చివరి వాల్వులకు 200 కిలోవాట్లు పెట్టవలెను. నూటికి 75 పాళ్లు దక్కినచో 133 చాలును. తక్కిన 67 కిలోవాట్లకు దినదినము వెల యెవరిచ్చెదరు? మన సీమ వేసవిలో ఆ వేడిని చల్లార్చుట వేరొక ఖర్చు!

వాల్వు ఘటము కాదు. 'సి' తరగతి యాంప్లిఫయరులో అది ఆవర్తనమున సగముకన్న తక్కువ కాలమే, అదియు ప్లేటు వోల్టేజి మిక్కిలి తగ్గియున్నపుడే, ప్రవాహమును వదలును. కావుననే ప్లేటుపై వేడి స్వల్పము. తీగచుట్టయు కెపాసిటరును గల వలయము తక్కిన తరంగమును పూరించును. ఉయ్యెలను ఊపున కొకమారు నెట్టిన చాలును గదా. ఇట్లు నూటికి 70 మొదలు 80 పాళ్లవరకు దక్కును. లోడు నిర్ణయమునకు ఆధారము వాల్వు ఓర్వగల వోల్టేజియు ప్రవాహమునే. నేడు ట్రాన్సిస్టరు యంత్రములు వచ్చినను ఈ న్యాయము మారలేదు.

డైనమోల విషయమునను ఒకప్పుడిట్టి భ్రమయే యుండెను. 1879లో ఎడిసన్ అంతర్నిరోధము మిక్కిలి తక్కువగు డైనమోను నిర్మించి దానిని పోగొట్టెను.

గరిష్ఠశక్తి యెప్పుడని యడుగు ప్రశ్నపత్రము, అప్పుడు నష్టమెంతయనియు నడుగవలెనని ఉపాధ్యాయులను కోరుచున్నాము.