నేపియర్ గడ్డి: పశువుకా, ప్లాంటుకా?

2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా కనిగిరి నియోజకవర్గం దివాకరపల్లిలో రిలయన్స్ కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, దాని నుంచి గ్యాస్ తీస్తామన్నది ప్రణాళిక. పాడి రైతు బోరు పక్కన పది ఇరవై సెంట్లలో వేసుకునే మేత ఇలా ఇంధన పంటగా మారుతోంది. గిరాకీకి ఢోకా లేదు. వాహనాలకు, ఇళ్లకు వాడే సహజవాయువులో బయోగ్యాస్ వాటా 2025-26లో 1 శాతం, 2028-29 నుంచి 5 శాతం ఉండాలని కేంద్రం నిర్ణయించింది.

సజ్జను ఆఫ్రికా ఏనుగు గడ్డితో సంకరపరిస్తే వచ్చిందే హైబ్రిడ్ నేపియర్. దీనికి మొలకెత్తే గింజ ఉండదు. కణుపులున్న కాండం ముక్కలో, పిలకలో నాటాలి. ఒకసారి నాటితే కొన్నేళ్లపాటు కోసుకోవచ్చు. తొలి కోత 70-75 రోజులకు, ఆపై దాదాపు 45 రోజులకోసారి. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన కో-4 రకం హెక్టారుకు ఏడాదికి 380 టన్నులకు పైగా పచ్చిమేత ఇస్తుందని లెక్క.

ఆ లెక్క నీటి తడులు, ఎరువులు అందిన చేనుది. నేపియర్ బాగా నీళ్లు తాగే పంట, కోత కోతకూ నత్రజని అడుగుతుంది. వెలిగొండ నీటి కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న ప్రాంతంలో ఆ తడులు ఎక్కడి నుంచి వస్తాయి? బోర్ల నుంచే అయితే, బీడు మాటేమో గానీ పక్క చేను ఎండుతుంది.

అసలు బీడు అంటే ఖాళీ భూమి కాదు. రెవెన్యూ రికార్డుల్లో పనికిరానిదే గానీ, గొర్రెలు, మేకల కాపరులకు అదే మేత బయలు. ఒంగోలు జాతి పుట్టిన జిల్లాలో ఇది చిన్న విషయమేమీ కాదు. దేశంలో పచ్చిమేతకు సుమారు 11 శాతం, ఎండుమేతకు 23 శాతం కొరత ఉందని ఝాన్సీలోని పశుగ్రాస పరిశోధన సంస్థ అంచనా. పశుగ్రాసం సాగయ్యేది పంటల విస్తీర్ణంలో 4 శాతం మాత్రమే. ఆ వాటా దశాబ్దాలుగా పెద్దగా పెరగలేదు.

ప్లాంటుతో మేలు లేదని కాదు. భూమి ఉన్నవారికి ఏటా కౌలు వస్తుంది. గ్యాస్ తీశాక మిగిలే వ్యర్థం మంచి ఎరువు, దాన్ని అదే చేలకు తిరిగి చేర్చకపోతే నేల సారం వేగంగా తరిగిపోతుంది. ఇబ్బందల్లా సెంటు భూమి లేకుండా రెండు గేదెలతో బతికే ఇల్లాలికి. ఆమె పచ్చిగడ్డిని మోపు లెక్కన కొంటుంది. ప్లాంటు కూడా కొనుగోలుకు దిగాక మోపు ధర పెరగవచ్చు. ఆమె పాల ధర మాత్రం వెన్న శాతాన్ని బట్టే.