పదమూడు పార్టీల పాపమేనా?

సంకీర్ణం అనగానే ‘అతుకుల బొంత’ అని వెక్కిరించడం మనకు అలవాటు. ఆ వెక్కిరింతకు ఎక్కువగా బలైంది 1996 నాటి పదమూడు పార్టీల యునైటెడ్ ఫ్రంట్.

ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీకి 161 స్థానాలు, కాంగ్రెస్‌కు 140 దక్కాయి. వాజ్‌పేయి ప్రభుత్వం 13 రోజులకే దిగిపోయింది. తర్వాత ఫ్రంట్ తరఫున ప్రధాని పదవికి జ్యోతిబసు పేరు వస్తే ఆయన పార్టీ సీపీఎం ఒప్పుకోలేదు. దాన్ని ఆయనే తర్వాత చారిత్రక తప్పిదమన్నారు. చివరికి దేవెగౌడ గద్దెనెక్కారు. కూటమి కన్వీనర్‌గా చంద్రబాబు నాయుడు ఢిల్లీలో చక్రం తిప్పారు.

పాలన మాత్రం కుంటుపడలేదు. ఇంద్రజిత్ గుప్తా దేశానికి తొలి కమ్యూనిస్టు హోంమంత్రి అయ్యారు. అదే మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి చిదంబరం 1997 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 40 నుంచి 30 శాతానికి దించారు. వామపక్షాలు గొణిగాయి, గోడ దూకలేదు.

మరి కూల్చిందెవరు? బయటి నుంచి మద్దతిచ్చిన కాంగ్రెస్. పదవుల్లేవు, జవాబుదారీ లేదు, పీక మీద కత్తి మాత్రం ఉంది! 1997 మార్చిలో కాంగ్రెస్ అధ్యక్షుడు సీతారాం కేసరి మద్దతు ఉపసంహరించడంతో ఏప్రిల్‌లో దేవెగౌడ పడిపోయారు, గుజ్రాల్ ప్రధాని అయ్యారు. నవంబరులో రాజీవ్ గాంధీ హత్యపై జైన్ కమిషన్ ఇచ్చిన నివేదిక చూపి, డీఎంకే మంత్రుల్ని తొలగించమని కాంగ్రెస్ పట్టుబట్టింది. ఫ్రంట్ ససేమిరా అంది. గుజ్రాల్ రాజీనామా చేశారు.