ఆవరణలో చోటెవరికి?

కొద్ది వారాల క్రితం రాజధానిలోని ఒక విశ్వవిద్యాలయ ముఖద్వారం వద్ద చూసిన దృశ్యమిది. రేకుపెట్టెతో, పరుపుచుట్టతో ఆటోలో వచ్చిన విద్యార్థిని కావలివాడు అక్కడే దింపివేశాడు. కిరాయి బండ్లకు లోనికి అనుమతి లేదట! ఆ కాసేపట్లోనే నాలుగు సొంత కార్లు నిరాటంకంగా లోపలికి సాగిపోయాయి. ఒక్కొక్కదానిలో ఉన్నది ఒక్కొక్కరే.

ఇది చిన్న విషయమని కొట్టివేయవచ్చు. ఉసూర్ నుంచి చూస్తే చిన్నదిగా తోచదు. తెలంగాణ సరిహద్దుకు ఆవల, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, గోండీ, దోర్లీలతో పాటు తెలుగు కూడా వినిపించే ప్రాంతమది. అక్కడి విద్యార్థికి అందుబాటులోని విశ్వవిద్యాలయం 2008లో జగ్‌దల్‌పూర్‌లో ఏర్పడి, అనంతరం మహేంద్ర కర్మ పేరు దాల్చిన బస్తర్ విశ్వవిద్యాలయమే. బీజాపూర్ పట్టణం నుంచే అది 150 కిలోమీటర్లకు పైబడిన దూరం. అడవి పల్లె బిడ్డ అక్కడికి చేరేది బస్సులోనో, కిరాయి జీపులోనో. రాజధాని ద్వారం వద్ద నేను చూసిన నియమమే ప్రతి ఆవరణకూ ఆదర్శమైతే, అంతదూరం చేరవేసిన బండి చివరి ఫర్లాంగులో అపరాధి అవుతుంది.

చట్టం ఏమంటున్నది? 1988 నాటి మోటారు వాహనాల చట్టం ‘రవాణా వాహనం’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలో ప్రయాణికుల బండ్లు, సరకుల బండ్లతో పాటు విద్యాసంస్థల బస్సులు కూడా చేరి ఉన్నాయి. కాబట్టి రవాణా వాహనాలన్నిటినీ ఒక్క గాటన కట్టి నిషేధిస్తే, విశ్వవిద్యాలయం తన బస్సును తానే వెలివేసుకోవలసి వస్తుంది!

అధికారుల వాదనలో పస లేదని నేననను. ఆవరణను రాత్రివేళ లారీలకు, టూరిస్టు బస్సులకు ఉచిత విడిదిగా మార్చడాన్ని ఎవరు సమర్థించగలరు? అగ్నిమాపక శకటానికి దారి లేకుండా బండ్లు నిలిపితే ప్రాణాలకే ముప్పు. క్రమబద్ధీకరణ అవసరమే. అయితే దానికి కొలబద్ద నంబరు పలక రంగు కారాదు. బండి ఏ పని మీద వచ్చింది, ఎంతసేపు నిలుస్తుంది అన్నవే ప్రశ్నలు. వసతిగృహానికి పాలు, కూరగాయలు తెచ్చే వ్యాను అరగంటలో వెళ్లిపోతుంది. ఆటో అయిదు నిమిషాలైనా ఉండదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా కదలకుండా స్థలాన్ని ఆక్రమించేది సొంత కారే.

ఆ ఆక్రమణ విలువెంత? 2021 సంవత్సరాన్ని లక్ష్యంగా పెట్టుకున్న ఢిల్లీ మాస్టర్ ప్లాను బహిరంగ స్థలంలో ఒక్క కారుకు 23 చదరపు మీటర్లు, అంటే దాదాపు 250 చదరపుటడుగులు, కేటాయించింది. ఇద్దరు విద్యార్థులు తలదాచుకోగల చోటది. ఆక్రమించిన భూమి విలువకు తగిన రుసుము వసూలు చేయాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం హితవు చెప్పింది. ఆ హితవు విశ్వవిద్యాలయాల గోడలు దాటి లోనికి పోలేదు కాబోలు.

చేయవలసినది కష్టసాధ్యమేమీ కాదు. సరకులు దింపుకొనేందుకు నిర్ణీత వేళలు, స్థలం ఏర్పరచాలి. వసతిగృహాల చెంత ఆటోలు ఆగే చోటు చూపాలి. అంబులెన్సుకు, వికలాంగులను తెచ్చే బండికి ఏ వేళనైనా ప్రవేశముండాలి. దినమంతా నిలిచే కారుకు, అది ఆచార్యులదైనా సరే, రుసుము విధించాలి. నియమాలు రాసే ముందు ఆ బండ్లు తోలేవారినీ, వాటిలో వచ్చేవారినీ ఒకసారి పిలిచి అడగాలి.

ప్రజల సొమ్ముతో కట్టిన విద్యాలయమిది. సొంత వాహనం లేని విద్యార్థి తన పెట్టెను నెత్తిన పెట్టుకొని గేటు నుంచి నడవవలసి వస్తే, అతనికి అక్కడ నేర్పే తొలి పాఠం ఏమిటో పాలకులే చెప్పాలి.