మందిరం గోడలకు ఏ రంగు?



మందిరం లోపల రంగులు వేయించాలన్న తీర్మానంలో ఎవరికీ భేదం లేదు. పేచీ అంతా ఏ రంగన్న దగ్గరే. యౌవనస్థులు ముదురు నీలం అంటున్నారు, పెద్దలు మీగడ రంగు అంటున్నారు. వాట్సాప్ గ్రూపులో మాట కాస్త పెరిగింది కూడా. మాకు తోచినది దాచకుండా చెబుతున్నాము: మీగడ రంగే వేద్దాము.

యౌవనస్థుల మాట తీసిపారేయదగినది కాదు. లేత రంగు గోడ ముందు నిలబడితే ఫోను కెమెరా ఆ వెలుగుకు సర్దుకుని మనిషి ముఖాన్ని నల్లగా చూపిస్తుంది. గల్ఫులో ఉండి ఆరాధనను ఫోనులో చూసుకునే మన బిడ్డల కోసమే వీరి తాపత్రయం. నీలానికి నిర్గమకాండము 26వ అధ్యాయం కూడా చూపించారు. గుడారపు తెరల్లో నీలం ఉన్నమాట నిజమే. అయితే దాని ముందు అధ్యాయంలోనే ఏడు దీపాల దీపవృక్షం ఉంది. మనకున్నవి నాలుగు ట్యూబులైట్లు, కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఒక్కటి.

లేత రంగు తన మీద పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని మళ్లీ గదిలోకే పంపుతుంది. ముదురు నీలం చాలావరకు మింగేస్తుంది. బుధవారం సాయంత్రం కూడికలో ముందు చాప మీద కూర్చునే మన అవ్వలను చూడండి. శుక్లాలు ముదిరి, ఇంకా ఆపరేషను కానివారు ఉన్నారు. పాటల పుస్తకం ముఖానికి ఆనించుకుంటారు, అక్షరం అందకపోతే పక్కవారి గొంతు పట్టుకుని పాడతారు. ఒకరిద్దరు పుస్తకం తేవడమే మానేశారు. వీడియోలో ముఖం నల్లబడితే ఫోను తెర మీద వేలు ఆనించి వెలుగు పెంచుకోవచ్చు. అవ్వ కంటికి ఆ వీలు లేదు.

అయితే తెల్లటి తెలుపే వేయొచ్చు కదా అని ఒకరు అడిగారు. ట్యూబులైటు కింద అది కళ్లలో పొడుస్తుంది, శుక్లాలున్నవారికి మరీను. మీగడ రంగైనా నిగనిగలాడే పెయింటు వద్దు. ఇక చాపల మీద కూర్చుని గోడకు తల ఆనించే చోట కొబ్బరినూనె మరకలు ఎలాగూ తప్పవు. అక్కడ కింది మూడడుగులు యౌవనస్థుల నీలమే ఆయిల్ పెయింటులో వేయిద్దాము, తుడిస్తే పోతుంది.

రంగుల కార్డు మీది చిన్న ముక్క చూసి తేల్చుకోవద్దు. వచ్చే బుధవారం టెంటు హౌసు నుంచి ముదురు నీలం పరదాలు తెప్పించి గోడల చుట్టూ కట్టిస్తాము, ఆపై బుధవారం మీగడ రంగువి. రెండు రోజులూ ఒక్క ట్యూబులైటే వేసి ఒకే పాట పాడదాము. ఎలా ఉందో ముందుగా అవ్వలను అడుగుదాము.